విల్లు ఎందుకు విరిగింది? చెక్క విల్లులు చేసే పాఠకుల ప్రశ్నలు, జవాబులు

ఈసారి శీర్షిక మొత్తం ఇంట్లో చెక్క విల్లులు చేసుకునేవాళ్లకే ఇచ్చేశాం. జవాబుల్లో పదేపదే వచ్చే మాటలు మూడే. విల్లు పట్టుకుని లాగినప్పుడు గురివైపు ఉండే ముఖం వీపు, మనవైపు ఉండేది పొట్ట, పిడికి పైనా కిందా వంగే రెండు భాగాలు లింబులు. లాగినప్పుడు వీపు సాగుతుంది, పొట్ట నలుగుతుంది. మిగతా గొడవంతా ఈ రెండింటి మధ్యే.

ప్రశ్న: సార్, ఇప్పటికి మూడు విల్లులు చేశాను, మూడూ విరిగాయి. మూడోది సరిగ్గా రెండోది విరిగిన చోటే, పిడికి జానెడు పైన విరిగింది. నాకు దొరికే చెక్కలోనే లోపం ఉందేమో. విల్లులకి పేరున్న యూ అనే విదేశీ చెట్టు కలప తెప్పించుకుంటే బాగుపడతానా?

తెప్పించుకోకండి, కనీసం ఇప్పుడే వద్దు. ఒకే చోట రెండుసార్లు విరిగిందంటే చెక్కని అనుమానించడం కన్నా మీ చేతిని అనుమానించడం మంచిది. పిడి మందంగా ఉంటుంది, వంగదు. అది సన్నబడుతూ లింబ్‌లో కలిసే చోట చాలామంది ఆకురాయితో ముచ్చటగా ఒక గుంట తీస్తారు, చూడ్డానికి భలే ఉంటుంది, కానీ లింబ్ మొత్తం పంచుకోవాల్సిన వంపంతా వచ్చి ఆ రెండంగుళాల్లో కూర్చుంటుంది, అది ఎన్నాళ్లు ఓర్చుకుంటుంది చెప్పండి.

దీని వెనక ఒక లెక్క ఉంది, విల్లు చేసే ప్రతివాళ్లూ దాన్ని గోడ మీద రాసిపెట్టుకోవాలని నా అభిప్రాయం. చెక్క ఎంత బిగువుగా ఉంటుందన్నది వెడల్పుతో నేరుగా మారుతుంది, మందంతో మాత్రం ఘనంలో మారుతుంది. వెడల్పు రెట్టింపు చేస్తే బిగువు రెట్టింపే, మందం రెట్టింపు చేస్తే ఎనిమిది రెట్లు. తీసేటప్పుడూ ఇదే వరస. 12 మిల్లీమీటర్లు ఉన్న చోట 11 చేశారంటే అక్కడి బిగువు 23 శాతం పోయినట్టే. ఒక్క మిల్లీమీటరుకి! ముతక ఆకురాయి కాస్త హుషారుగా ఆడిస్తే తెలియకుండానే పోయే మందం అది.

విరిగిన ముక్కలు పారేయకపోతే ఒకసారి తీసి చూడండి. విరుపు పొడుగ్గా, పేళ్లు పేళ్లుగా లేచి ఉంటే చెక్క మంచిదే, దాని శక్తికి మించి వంచారన్నమాట. ఏటవాలుగా, నున్నగా, ఒక గీత వెంట జారినట్టు విడిపోతే బోర్డులో చెక్క గీతలు పక్కకి పోయాయని అర్థం. ముల్లంగి విరిచినట్టు అడ్డంగా టక్కున తెగితే మాత్రం చెక్కదే తప్పు, అతిగా ఎండి పెళుసెక్కిందో లోపల పుచ్చు మొదలైందో అయ్యుంటుంది. ఈ మూడో రకం అయితేనే కలప మార్చండి. మొదటి రకం అయితే కింద టిల్లరింగ్ (రెండు లింబులూ సమంగా వంగేలా చెక్క తీయడం) గురించి రాసింది చదవండి, యూ కలప కొన్నా అదే చేయి, అదే గుంట.

ప్రశ్న: మొదటి విల్లుకి బోర్డు ఎలా ఎంచుకోవాలి? కొలతలు కూడా చెప్పండి. వెదురు పనికొస్తుందా?

చెక్క జాతి తర్వాత, ముందు గీతలు చూడండి. బోర్డు వెడల్పు ముఖం మీదా, పక్క అంచుల మీదా కనిపించే గీతలు ఈ కొస నుంచి ఆ కొస దాకా అంచుకి సమాంతరంగా పోవాలి. మధ్యలో ఏ గీతైనా అంచు దాటి బయటికి జారిపోతే రేపు వీపు మీద పేడు లేచేది సరిగ్గా అక్కడే. ముడులున్నది వద్దు. ఒక కట్టలో ఉన్న బోర్డులన్నీ తిరగేసి చూసి ఒక్కటీ నచ్చక ఉత్త చేతులతో తిరిగి రావడం ఈ పనిలో మామూలే, సిగ్గుపడక్కర్లేదు. హికరీ, యాష్, మేపుల్, రెడ్ ఓక్ వీటిలో గీతలు తిన్నగా ఉన్నది ఏదైనా మొదటి వింటికి చాలు.

నారిని 28 అంగుళాలు లాగేవాళ్లకి 66 నుంచి 68 అంగుళాల పొడవు పెట్టుకోండి. మధ్యలో నాలుగంగుళాల పిడి, దానికి అటూ ఇటూ రెండేసి అంగుళాల్లో మందం మెల్లగా దిగాలి. లింబ్ పిడి దగ్గర రెండంగుళాల వెడల్పుతో మొదలై కొస దగ్గర అరంగుళానికి తిన్నటి గీతలో సన్నబడనివ్వండి, మందం మాత్రం పొడవునా దాదాపు ఒకేలా ఉంచండి. దీన్ని పిరమిడ్ విల్లు అంటారు. వెడల్పు ఇలా సన్నబడుతూ మందం మారకపోతే లింబ్ దానంతటదే వృత్తంలో ముక్కలా వంగుతుంది, అంటే టిల్లరింగ్‌లో సగం పని రంపమే చేసిపెడుతుంది. సన్నగా గుండ్రంగా ఉండే ఇంగ్లిష్ తరహా విల్లు అందంగా ఉంటుంది, ఒప్పుకుంటాను, కానీ దానికి చెక్క మీద పడే ఒత్తిడి చాలా ఎక్కువ. బలం, అంటే పూర్తిగా లాగడానికి పట్టే జోరు, 35 పౌండ్లు, మహా అయితే 40 దగ్గర ఆపండి. మొదటిసారే 60 పౌండ్ల విల్లు కావాలనేవాళ్ల ఉత్తరాలకి ఇక్కడ విడిగా జవాబివ్వను.

వెదురు బ్రహ్మాండంగా పనికొస్తుంది. అందులో బలమైన పోగులు బయటి చర్మం దగ్గర చిక్కగా, లోపలికి పోయేకొద్దీ పలచగా ఉంటాయి, కాబట్టి బయటివైపు వీపుగా ఉంచుకుని తీసేదంతా లోపలి నుంచే తీయాలి. కణుపుల దగ్గర గుబ్బలు అందం కోసం చదును చేస్తే పోగులు తెగుతాయి, గరుకు కాగితంతో కొంచెం నునుపు చేసి వదిలేయండి. పలచటి వెదురు బద్దని ఇంకో చెక్కకి వీపుగా అంటించే పద్ధతీ ఉంది. అప్పుడు ఒక్కటి గుర్తుంచుకోండి, సాగుడులో వెదురు ఎంత మొండిదంటే కింద మెత్తటి చెక్క పెట్టారో దాని పొట్ట నలిపేస్తుంది.

ధూళి విషయం ఎవరూ అడగలేదు, నేనే చెబుతున్నా. యూ కలప విషపూరితమైంది, ఇపే అనే గట్టి విదేశీ కలప ధూళి చాలామందికి చర్మం మీద, ఊపిరిలో ఎలర్జీ తెస్తుంది. మాస్క్ లేకుండా సానబట్టకండి.

ప్రశ్న: తుఫానుకి పడిన చెట్టు కొమ్మ ఒకటి ఉచితంగా దొరికింది, తిన్నగా, చేతి మణికట్టు కన్నా లావుగా ఉంది. ఎన్నాళ్లు ఎండబెట్టాలి? ఎండలో పెడితే త్వరగా అవుతుంది కదా?

ఎండలో పెడితే త్వరగా పగులుతుంది. పచ్చి చెక్కలో నీరు కొసల నుంచి చాలా వేగంగా పోతుంది, అందుకే కొట్టిన రోజే రెండు కొసలకీ జిగురో, పెయింటో, మైనమో మందంగా పూసేయాలి. తర్వాత నిలువునా చీల్చి, వింటి ఆకారానికి ఇంకా లావుగానే ఉండేలా చెక్కి, నీడలో గాలి ఆడేచోట పెట్టండి. దుంగగా ఉంచితే ఏడాది పట్టేది ఇలా బాగా సన్నం చేసుకుంటే వారాల్లోకి వస్తుంది.

ఎండిందని తెలుసుకోవడానికి తేమ మీటరు లేకపోయినా ఫర్వాలేదు, వంటింటి త్రాసు చాలు. ప్రతి వారం తూచి ఆ చెక్క మీదే పెన్సిల్‌తో రాయండి, బరువు తగ్గడం ఆగిపోయిందంటే చుట్టూ ఉన్న గాలితో అది సమానమైందన్నమాట. తేమ 8 నుంచి 10 శాతం దగ్గర ఉంటే వింటికి బాగుంటుంది. 12 దాటితే వంగిన విల్లు వంగినట్టే ఉండిపోతుంది, 6 కన్నా తగ్గితే పెళుసు.

కొమ్మ కాబట్టి ఇంకో మాట. బెరడు తీశాక కనిపించే నున్నటి ముఖమే మీ వీపు. దాని మీద ఉలి గానీ, ఆకురాయి గానీ, చిత్రిక గానీ ఆడకూడదు, ఎత్తుపల్లాలుంటే ఉండనివ్వండి. వీపు మీద ఒకే వయసు వలయం ఈ కొస నుంచి ఆ కొస దాకా తెగకుండా ఉండటమే వింటికి ప్రాణం. తెల్ల చెక్క ఉన్న చాలా జాతులకి ఇంతే సరిపోతుంది. ఓసేజ్ ఆరెంజ్ అనే అమెరికా చెట్టు లాంటి వాటికి మాత్రం మామూలుగా బెరడు కింది తెల్ల చెక్క చెక్కేసి, చేవలో (లోపలి ముదురు చెక్కలో) మంచి వలయం ఒకటి పట్టుకుని దాని వెంటే పోతారు, అది వేరే ఓపిక.

ప్రశ్న: ఎక్కడ చదివినా టిల్లరింగ్, టిల్లరింగ్ అంటారు. అసలు ఏం చూసి, ఎక్కడ, ఎంత తీయాలో ఒక్కరూ సరిగ్గా చెప్పరు. మీరైనా చెప్పండి.

రెండు లింబులూ ఒకేలా, పొడవునా అన్నిచోట్లా తన వంతు వంగేలా పొట్టవైపు నుంచి కొద్దికొద్దిగా చెక్క తీస్తూ పోవడమే టిల్లరింగ్. చెప్పడానికి ఒక వాక్యమే, చేయడానికి విల్లు పని మొత్తం ఇదే.

మొదట పరికరాలేవీ అక్కర్లేదు. విల్లు కొసని నేలకి ఆనించి పిడి దగ్గర నెట్టి చూడండి, లింబ్ కాస్త కదిలిందా, రెండోవైపు కూడా అంతే కదిలిందా. కదులుతోంది అనిపించాక కొసల్లో నారికి గాళ్లు కోసి, వంగని వింటికి తగిలేంత పొడుగు తాడు కట్టి, గోడకి బిగించిన ఒక నిలువు చెక్క మీద పిడి కూర్చోబెట్టండి. తాడుకి కొక్కెం, కొక్కేనికి ఇంకో తాడు, అది కింద ఒక కప్పీ లోంచి మీ చేతికి. అలా చేస్తే మీరు నాలుగడుగులు వెనక నిలబడి లాగుతూ విల్లు వంపు మొత్తం ఒకేసారి చూడగలుగుతారు, విరిగినా మీ మొహం దానికి దూరంగా ఉంటుంది. కొక్కెం మధ్యలో వేలాడే త్రాసు ఒకటి పెట్టుకుంటే ఎన్ని పౌండ్లో తెలుస్తుంది.

ఇక ఏం చూడాలి. ఎక్కువ వంగుతున్న చోటు కళ్లకి ముందే కనిపిస్తుంది, అక్కడ చేయి పెట్టొద్దు. వంగని చోటే మన పని. ఆ వంగని చోటు కంటికి పట్టుకోవడం కష్టం, దానికో చిట్కా ఉంది. ఐదారంగుళాల తిన్నటి చెక్క ముక్క తీసుకుని సరిగ్గా నడుమ రంధ్రం చేసి పెన్సిల్ ముక్క దూర్చండి. విల్లుని కొంచెం వంచి ఉంచి, ఈ ముక్కని పొట్ట మీద అన్నిటికన్నా ఎక్కువ వంగిన చోట ఆనించండి, రెండు కొసలూ తగులుతాయి, నడుమ సందు ఉంటుంది. పెన్సిల్ మొన ఆ సందులో చెక్కని తాకీ తాకనట్టు ఉండేలా బిగించి, ఇప్పుడు లింబ్ పొడవునా జరపండి. వంపు తక్కువున్న చోట సందు తగ్గి పెన్సిల్ గీత పడుతుంది. ఆ గీత పడినంత మేరే స్క్రేపర్‌తో గీకండి, గీత పోయేదాకా, అంతకు మించి కాదు. పిడి, దాని పక్కన మందం దిగే భాగం, కొసల దగ్గర చివరి ఐదారంగుళాలు వదిలేయండి, అవి ఎలాగూ పెద్దగా వంగకూడదు.

గీకిన ప్రతిసారీ విల్లుని చిన్నగా ఇరవై ముప్పైసార్లు లాగి వదలాలి (వదలడమంటే తాడు చేత్తో పట్టుకునే మెల్లగా). చెక్క తీసిన మార్పు వెంటనే కనిపించదు, పోగులు సర్దుకోవాలి. ఇది చేయనివాళ్లు ఇంకా వంగట్లేదే అనుకుని మళ్లీ గీకుతారు, తర్వాత లాగేసరికి అక్కడ అతిగా మెత్తబడి ఉంటుంది. విల్లు వంచి పెట్టి కాఫీకి వెళ్లేవాళ్లు కూడా ఉన్నారు. వద్దు, చూడటానికి టైమ్ కావాలంటే లాగిన క్షణంలో ఫోన్‌తో ఫొటో తీసి, విల్లు వదిలేసి ఫొటో చూసుకోండి.

రెండు హద్దులు ఎప్పుడూ దాటొద్దు. మీకు 40 పౌండ్ల విల్లు కావాలంటే ఎంత తక్కువ దూరంలోనైనా సరే త్రాసు మీద 40 దాటనివ్వకండి. వంపులో తేడా కనిపిస్తే అది సరిచేసేదాకా ఒక్క అంగుళం కూడా ముందుకి లాగకండి. పొడుగు తాడు మీద కొసలు ఐదారంగుళాలు సమానంగా దిగాక పొట్టి నారి ఎక్కించవచ్చు, మొదట పిడికీ నారికీ మధ్య మూడు నాలుగంగుళాల ఎత్తులోనే. ఆ తర్వాత పూర్తి లాగుడు వరకూ అదే వరస, మెల్లగా. అనుకున్నదాని కన్నా రెండు మూడు పౌండ్లు ఎక్కువ ఉండగానే ఆపేయండి, చివరి సానకీ మొదట్లో వేసే బాణాలకీ ఆ మిగులు ఎలాగూ పోతుంది.

ప్రశ్న: నారి తీసేసినా విల్లు కొంచెం నావైపు వంగే ఉంటోంది. పాడైపోయిందా?

ఒక అంగుళం అయితే దాన్ని మంచి విల్లు అంటారు, రెండైనా వాడుకోవచ్చు. అంతకు మించితే పొట్ట పోగులు నలిగాయని, లేదా చెక్క సరిగ్గా ఆరలేదని అర్థం. ఎక్కడ వంగిందో చూడండి, పిడి దగ్గర వంగితే కొసల్లో చాలా కనిపిస్తుంది, కాబట్టి కొసలు చూసి కంగారు పడకండి. విల్లుని తిన్నగా బిగించి పొట్టని హీట్ గన్‌తో లేత గోధుమరంగు వచ్చేదాకా నిదానంగా కాలిస్తే కొంత వెనక్కి వస్తుంది, చెక్క పొట్ట గట్టిపడుతుంది కూడా. కాల్చాక కొన్ని రోజులు ఆగి గాలిలోని తేమ చెక్కకి తిరిగి పట్టనివ్వండి, అంతకు ముందే నారి ఎక్కిస్తే మాత్రం విరగొచ్చు.

ప్రశ్న: పొట్ట మీద అడ్డంగా సన్నటి వెంట్రుకల్లాంటి గీతలు వచ్చాయి. జిగురు పూస్తే పోతాయా?

పోవు. అవి పగుళ్లు కావు, పోగులు నలిగి మడతపడిన గుర్తులు. ఆ చోటు అతిగా వంగుతోంది, దానికి అటూ ఇటూ ఉన్నది వంగట్లేదు. ఆ పక్కల గీకి బరువు పంచండి, విల్లు కొన్ని పౌండ్లు తగ్గుతుంది, బతుకుతుంది. చెక్క పొడవునా ఉండే ఆరుడు పగుళ్లు వేరు, వాటితో సాధారణంగా భయం లేదు. వీపు మీద పేడు లేస్తే పలచటి సూపర్ గ్లూ ఇంకించి పైన దారం గట్టిగా చుట్టండి. వీపు మీద అడ్డ పగులు కనిపిస్తే ఇక ఆ విల్లు గోడకే.

ప్రశ్న: నారికి నైలాన్ తాడు కట్టాను, ప్రతి పది బాణాలకీ వదులైపోతోంది.

నైలాన్ సాగుతుంది, అందుకే. విల్లుల కోసం అమ్మే డాక్రాన్ దారం తీసుకోండి, ఒక్కో పోగు సుమారు 50 పౌండ్లు ఆపుతుంది, 40 పౌండ్ల వింటికి పన్నెండు పోగులు పేనితే బలానికి బలం, గాడిలో కూర్చోవడానికి తగిన లావు. అసలు సాగని కొత్త రకం దారాలు వేగం ఇస్తాయి, కానీ ఆ కుదుపంతా చెక్క కొసల మీదే పడుతుంది, కొసలు గట్టి చెక్కతో బలపరచకుండా వాడొద్దు. నారి ఎక్కించాక పిడికీ నారికీ మధ్య దూరం ఆరంగుళాలకి కాస్త అటూ ఇటూ, పిడికిలి పెట్టి బొటనవేలు పైకి చాపితే వచ్చే ఎత్తు.

ప్రశ్న: అయిదు వేల ఏళ్ల నాటి విల్లు దొరికిందని మా స్నేహితుడు అంటున్నాడు. చెక్క అన్నేళ్లు ఉంటుందా?

మంచులో ఉంటే ఉంటుంది. 1991లో ఆల్ప్స్ పర్వతాల్లో, ఆస్ట్రియా ఇటలీ సరిహద్దు దగ్గర, మంచులో దొరికిన మనిషి శరీరానికి ఓట్జీ అని పేరు పెట్టారు, అతని పక్కన 1.82 మీటర్ల యూ విల్లు ఉంది. మనవాళ్లకి నచ్చే సంగతేంటంటే అది పూర్తికాని విల్లు! చెక్కిన గాట్లు ఇంకా అలాగే ఉన్నాయి, నారికి గాళ్లు కూడా కోయలేదు. అమ్ములపొదిలో పద్నాలుగు బాణాలుంటే వాటిలో పూర్తయినవి రెండే. మూలన సగం చెక్కిన విల్లు చూసి ఇంట్లోవాళ్లు ఏమన్నా అంటే ఈ సంగతి వాడుకోండి.

ఇక నీళ్లలో ఉన్నవి. ఇంగ్లండ్ యుద్ధనౌక మేరీ రోజ్ 1545లో మునిగింది, 1982లో పైకి తీశారు, అందులోంచి వందకి పైగా విల్లులు చెక్కుచెదరకుండా దొరికాయి, చాలావరకు మనిషి కన్నా పొడుగు, సగటున రెండు మీటర్లకి కాస్త తక్కువ. అవీ యూ కలపే, వీపుకి తెల్ల చెక్క, పొట్టకి చేవ. సాగేది వీపులో, నలుగుడుకి ఓర్చేది పొట్టలో, ఒకే దుంగలో రెండూ. వాటి బలం 100 పౌండ్ల పైనే అని అంచనా.

ప్రశ్న: మా అబ్బాయికి పదకొండేళ్లు, వాడికీ ఒకటి చేసిమ్మంటున్నాడు. ఇవ్వొచ్చా అండీ?

ఇవ్వండి, 15 పౌండ్లకి మించకుండా. అయితే 15 పౌండ్ల బాణం కూడా కన్ను తీసేస్తుంది, బాణం వేసేటప్పుడు మీరు పక్కన ఉండాలి, గురి వెనక మనుషులు రాని గోడో గట్టో ఉండాలి. ముందు నేర్పాల్సింది గురి కాదు, బాణం లేకుండా నారి లాగి వదలకూడదని. బాణం తీసుకెళ్లాల్సిన శక్తంతా అప్పుడు లింబుల్లోకే తిరిగొస్తుంది, మంచి విల్లు కూడా ఆ ఒక్క దెబ్బకి పోవచ్చు. ఇంటికొచ్చిన చుట్టాలకి కూడా ఈ మాట ముందే చెప్పండి, విల్లు కనపడగానే ఉత్త నారి లాగి టప్పున వదిలేది వాళ్లే.

ప్రశ్న: కుడిచేతివాణ్ణి. విల్లు బాగా కుదిరింది, కానీ బాణాలన్నీ ఎడమకే పోతున్నాయి.

బాణం మరీ బిగువుగా ఉంది. వదిలిన క్షణంలో బాణం పాములా మెలికపడి పిడిని చుట్టుకుని పోతుంది, మీ వింటి బలానికి తగినంత వంగకపోతే పిడిని రాసుకుంటూ ఎడమకి తన్నుకుంటుంది. తక్కువ బిగువున్న కాడలు తీసుకోండి, లేదా మొన బరువు పెంచండి. బరువు మరీ తేలికైన బాణాలు మాత్రం వద్దు, పౌండుకి 10 గ్రెయిన్ల లెక్కన 40 పౌండ్ల వింటికి 400, అంటే 26 గ్రాములు ఉంటే విల్లు క్షేమం.

ప్రశ్న: చివరికి ఏ పాలిష్ వేయాలి? ఎలా దాచాలి?

టిల్లరింగ్ గాట్లు, ముఖ్యంగా అడ్డంగా పడినవి, ఒక్కటి కూడా మిగలకుండా సానబట్టండి, అంచులన్నీ వేలికి తగలనంత గుండ్రం చేయండి. తర్వాత నూనె, లక్క, పాలీయూరెథేన్ ఏదైనా సరే, తేమ లోపలికి పోకుండా ఆపితే చాలు. నారి దించి పడుకోబెట్టండి, లేదా మేకుకి వేలాడదీయండి, మూలన నిలబెట్టొద్దు. కారులో ఎండకి వదిలేయొద్దు. వేసే ముందు ప్రతిసారీ వీపు మీద వేలు పెట్టి ఒకసారి పొడవునా నిమరండి, లేచిన పేడు కంటి కన్నా వేలికి ముందు తెలుస్తుంది.